ప్లగ్ పాయింటులో న్యూట్రల్‌కీ ఎర్తుకీ ముక్క వేసి కలపవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇరవై ఏళ్ల నాటి ఇల్లు, సింగిల్ ఫేజు సర్వీసు, గోడల్లో ఎర్తు వైరు లాగలేదు. ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. అతను ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజరు పాయింట్లు మూడింట్లోనూ న్యూట్రల్ స్క్రూ నుంచి పైనున్న పెద్ద రంధ్రానికి చిన్న వైరు ముక్క వేసి వెళ్లాడు. షాక్ పోయింది. ఆ తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా తెంపే బ్రేకరు) పెట్టిస్తే, గీజరు వేసినప్పుడల్లా అది పడిపోతోంది. ఆర్‌సీసీబీనే తీసేయమని అతని సలహా. "రెండూ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కలిసేవే కదా, మా దగ్గర కలిపితే తప్పేంటి? మా బావగారి పిండిమిల్లు ప్యానెల్లో కూడా రెండూ పట్టీ వేసి కలిపే ఉన్నాయి" అని అడిగారు.

సూటిగా జవాబు: కలపకూడదు. ఆ మూడు ముక్కలూ ఈ రోజే తీయించండి. ఆర్‌సీసీబీని మాత్రం తీయకండి. అది పాడై పడిపోవడం లేదు, ఉన్న తప్పునే పట్టుకుంటోంది. ముక్కలు తీశాక ఎర్తింగు పూర్తయ్యేదాకా ఫ్రిజ్‌ని పొడి చెప్పులతో, పొడి చేత్తో వాడండి. గీజరు, వాషింగ్ మెషిన్ మాత్రం వాడకండి.

రెండూ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కలుస్తాయన్న మాట నిజమే. 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మరులో సెకండరీ వైపు మూడు చుట్టలూ ఒకచోట కలిసే బిందువునే న్యూట్రల్‌గా బయటికి తీస్తారు, దాన్నే అక్కడి ఎర్తు గోతులకు కలుపుతారు. తేడా అంతా ఆ బిందువు దాటాక మొదలవుతుంది. న్యూట్రల్ రోజూ పనిచేసే తీగ. ఫేజులో వెళ్లిన ప్రతి ఆంపియరూ దానిలోంచే తిరిగి వెళ్లాలి. ఎర్తు తీగలో మామూలు రోజుల్లో దాదాపు ఏమీ పారదు. ఏదైనా యంత్రంలో ఇన్సులేషన్ పోయి ఫేజు బాడీకి తగిలిన రోజున మాత్రమే దానికి పని.

కరెంటు పారే తీగ ఏదీ సున్నా వోల్టుల దగ్గర ఉండదు. 2.5 చదరపు మి.మీ. రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. డీబీ (ఇంటి ఎంసీబీలుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి గీజరు దాకా 30 మీటర్ల తీగ ఉంటే 0.22 ఓమ్. 2 కిలోవాట్ల గీజరు 9 ఆంపియర్లు లాగితే ఆ న్యూట్రల్ చివర, ఒక్క ఇంటి లోపలి తీగ వల్లే, 2 వోల్టులు లేస్తుంది. దీనికి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, వీధి లైను తోడైతే 4, 5 వోల్టులు మామూలే. ఈ 5 వోల్టులు మనిషిని ఏమీ చేయవు. ప్రమాదం వేరేచోట ఉంది.

న్యూట్రల్ ఎక్కడైనా తెగిందనుకోండి. ముక్క వేయని ఇంట్లో న్యూట్రల్ తెగితే ఏమవుతుంది? ఫ్యాన్లు, లైట్లు ఆగిపోతాయి. టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది, ఎందుకంటే ఆన్‌లో ఉన్న ఫ్యానులోంచో బల్బులోంచో ఫేజు దూరి అవతలి వైపు న్యూట్రల్ తీగలోకి వచ్చి నిలబడుతుంది. అసౌకర్యమే తప్ప, ఆ తీగ గోడలోనే ఉంది కాబట్టి ఎవరికీ తగలదు. మీ ఇంట్లో మాత్రం అదే న్యూట్రల్ ముక్క ద్వారా ఫ్రిజ్ తలుపుకీ, వాషింగ్ మెషిన్ రేకుకీ, గీజరు ట్యాంకుకీ, దాని వెంట కుళాయిలకీ కలిసి ఉంది. న్యూట్రల్ తెగిన క్షణంలో అవన్నీ ఒకేసారి 230 వోల్టులకు దగ్గరగా లేస్తాయి. ఏ యంత్రంలోనూ లోపం లేకపోయినా సరే. పైగా ఇంట్లో కరెంటు లేనట్టే కనిపిస్తుంది కాబట్టి, జనం ధైర్యంగా వెళ్లి వాటినే ముట్టుకుంటారు.

ఎంసీబీ (కరెంటు మితిమీరితే తెంపే బ్రేకరు) దీన్ని పట్టదు. బాడీ లేచి ఉన్నా ఎక్కడికీ భారీ కరెంటు పారడం లేదు, ఎంసీబీకి అసాధారణంగా ఏమీ కనిపించదు. మనిషి ప్రాణం తీయడానికి 50 మిల్లీఆంపియర్లు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు.

న్యూట్రల్ తెగడం అరుదు అనుకోకండి. స్తంభం దగ్గర అల్యూమినియం తీగకు రాగి తీగను చేత్తో మెలితిప్పి కలిపిన చోట తుప్పు పడుతుంది. మీటరు టెర్మినల్లో స్క్రూ వదులై మాడిపోతుంది. డీబీలో న్యూట్రల్ తీగలన్నీ బిగించే ఇత్తడి లింకులో ఒకే రంధ్రంలో మూడు తీగలు కుక్కితే ఒకటి వదులుగా ఉండిపోతుంది. పాత ఇళ్లలో ఇంకో గండం ఉంది. పింగాణీ కట్‌అవుట్ ఫేజుకి ఒకటి, న్యూట్రల్‌కి ఒకటి, రెండింట్లోనూ ఫ్యూజు తీగే. న్యూట్రల్ ఫ్యూజు ముందు కాలిపోతే ఇంట్లో కరెంటు పోయినట్టుంటుంది, ఫేజు మాత్రం లోపలే ఉంటుంది. మీ ఇంట్లో న్యూట్రల్ వైపు ఫ్యూజు ఉంటే తీయించి, గట్టి రాగి లింకు వేయించండి. ఒంటి న్యూట్రల్‌ని తెంపే స్విచ్చు కానీ ఫ్యూజు కానీ ఎక్కడా ఉండకూడదు. తెంపితే ఫేజుతో కలిపి రెండింటినీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ రకమే ఉండాలి.

ఇంకో దారి కూడా ఉంది. గాలివానకు సర్వీసు వైరు తెగి, తిరిగి కలిపేటప్పుడు స్తంభం దగ్గర ఫేజు, న్యూట్రల్ తారుమారవుతాయి. మామూలు ఇంట్లో ఇది వెంటనే తెలియదు, అన్నీ నడుస్తూనే ఉంటాయి. ముక్క వేసిన ఇంట్లో ఆ క్షణం నుంచి ఫ్రిజ్ బాడీకి నేరుగా ఫేజే. మధ్యలో బల్బు నిరోధం కూడా ఉండదు.

మరి షాక్ ఎలా పోయింది? ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కంప్యూటరు లాంటి వాటిలో ఎలక్ట్రానిక్ బోర్డు ముందు ఫిల్టరు కెపాసిటర్లు ఉంటాయి, ఒకటి ఫేజు నుంచి బాడీకి, ఇంకొకటి న్యూట్రల్ నుంచి బాడీకి. ఎర్తు లేనప్పుడు బాడీ ఈ రెండింటి మధ్య సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కెపాసిటర్ చాలా చిన్నది కాబట్టి పారేది అర మిల్లీఆంపియరు కూడా ఉండదు, జివ్వుమనిపిస్తుంది అంతే. ముక్క వేయగానే ఆ కాస్త కరెంటు న్యూట్రల్‌లోకి పోయింది, చేతికి తెలియడం ఆగింది. ఒకవేళ అది కెపాసిటర్ వల్ల కాక కంప్రెసరు ఇన్సులేషన్ దెబ్బతిని వచ్చిన షాకైతే, ఆ లోపం ఇప్పటికీ అలాగే ఉంది. ఏది అన్నది తేల్చడానికి ఫ్రిజ్ ప్లగ్గు తీసి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండూ కలిపి ఎర్తు పిన్నుకు కొలిపించండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపితే మెకానిక్‌కి ఇవ్వాల్సిందే.

ఆర్‌సీసీబీ గీజరుతోనే ఎందుకు పడిపోతోంది? ఆర్‌సీసీబీ చేసే పని ఒక్కటే, ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని పోల్చడం. 30 మిల్లీఆంపియర్ల రకం 15 నుంచి 30 మధ్య తేడా రాగానే పడుతుంది. గీజరు ట్యాంకు ఇనుప పైపుకు బిగించి ఉంటుంది, పైపు తడి గోడలో, నేలలో ఉంటుంది. ముక్క వల్ల న్యూట్రల్ ఆ పైపుకూ కలిసింది. గీజరు వేయగానే న్యూట్రల్ చివర 2 వోల్టులు లేస్తుందని పైన లెక్క చూశాం. పైపు నుంచి భూమికి 50 ఓమ్‌లు ఉంటే 40 మిల్లీఆంపియర్లు న్యూట్రల్‌ని వదిలి పైపు గుండా భూమిలోకి పోతాయి. ఆర్‌సీసీబీ పడుతుంది. గీజరు కట్టేసినప్పుడు న్యూట్రల్‌లో అంత వోల్టేజీ లేదు, నిలబడుతుంది. "లోడు పెరిగితే పడుతోంది, లోడు లేకపోతే నిలుస్తోంది" అని ఎవరైనా అంటే న్యూట్రల్ ఎక్కడో ఎర్తును తాకుతోందని ముందుగా అనుమానించాలి.

ముక్కలు తీసినా పడుతూ ఉంటే ఎలా వెతకాలో కూడా చెబుతాను, ఎక్కువమంది ఇక్కడే తికమక పడతారు. మామూలుగా ఎంసీబీలన్నీ దించి, ఒక్కొక్కటే ఎక్కిస్తూ చూస్తారు. ఎంసీబీ ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్ లింకులో అలాగే కలిసి ఉంటుంది. న్యూట్రల్-ఎర్తు తాకిడి ఉన్న సర్క్యూటు ఎంసీబీ దించినా ఆ తాకిడి పోదు, వేరే గదిలో ఇస్త్రీపెట్టె పెట్టినా ఆర్‌సీసీబీ పడుతుంది. అందుకే మెయిన్ ఆపి, లింకులోంచి న్యూట్రల్ తీగలు ఒక్కొక్కటే విప్పి, ప్రతిదానికీ ఎర్తుకీ మధ్య మెగ్గరుతో చూడాలి. ఇంకో కారణం, ఇన్వర్టరు వైరింగు. ఫేజు ఆర్‌సీసీబీ దాటాక తీసుకుని, న్యూట్రల్‌ని మాత్రం ఆర్‌సీసీబీకి ముందున్న లింకులో కలిపేస్తారు. అప్పుడు ఒక్క బల్బు వెలిగించినా పడుతుంది. ఏ ఆర్‌సీసీబీ నుంచి ఫేజు వెళ్లిందో, ఆ లోడు న్యూట్రల్ కూడా అదే ఆర్‌సీసీబీకి తిరిగి రావాలి.

"ముక్క వేస్తే బాడీకి ఫేజు తగిలినప్పుడు ఎంసీబీ టక్కున పడుతుంది, గోతికి కలిపితే పడదు" అని కొందరు ఎలక్ట్రీషియన్లు వాదిస్తారు. ఆ వాదనలో సగం నిజం ఉంది కాబట్టి తోసిపారేయలేం. న్యూట్రల్ దారి మొత్తం అర ఓమ్ ఉంటే 460 ఆంపియర్లు పారి ఎంసీబీ వెంటనే పడుతుంది. అదే ఇంటి ఎర్తు గొయ్యి 5 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మరు గొయ్యి 1 ఓమ్ అనుకుంటే, కరెంటు భూమి గుండా తిరిగి వెళ్లాలి కాబట్టి 230ని 6తో భాగిస్తే 38 ఆంపియర్లే. సీ రకం 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 38 ఆంపియర్లకు అది గంటలు గడిచినా పడకపోవచ్చు. 16 ఆంపియర్లదైతే పడుతుంది కానీ కొన్ని సెకన్లు, ఒక్కోసారి నిమిషం దాకా పడుతుంది. ఆ సేపూ బాడీ మీద ఉండేది 38 ఇంటూ 5, అంటే 190 వోల్టులు. గొయ్యి తవ్వించాం, ఇక భయం లేదనుకునే చాలామందికి ఈ లెక్క తెలియదు.

దీనికి సమాధానం ముక్క వేయడం కాదు, గొయ్యితో పాటు ఆర్‌సీసీబీ. 30 మిల్లీఆంపియర్లకే పడే పరికరం ఉంటే, బాడీ 50 వోల్టులు దాటకముందే సరఫరా తెగడానికి గొయ్యి నిరోధం 1,600 ఓమ్‌లున్నా లెక్క ప్రకారం సరిపోతుంది. అంత చెడ్డ గొయ్యి పెట్టుకోమని దీని అర్థం కాదు, 5 ఓమ్‌ల లోపు తెచ్చుకోవడమే మేలు. కానీ రాతి నేలలో 12 ఓమ్‌లే వచ్చిందని దిగులుపడి, న్యూట్రల్‌ని ఎర్తుకు కలిపేయడం మాత్రం తప్పు.

అమెరికాలో ఉన్నవాళ్లు "మా ఇంటి మెయిన్ ప్యానెల్లో రెండూ ఒకే బార్‌కి కలిపి ఉన్నాయి" అని తరచు అంటుంటారు. అక్కడ సర్వీసు ఇంట్లోకి వచ్చే మొదటి ప్యానెల్లో ఒక్కచోట కలపడం వాళ్ల నియమం. ఆ తర్వాతి సబ్ ప్యానెళ్లలో కలపడం అక్కడా నిషిద్ధమే, ప్లగ్ పాయింటులో అయితే చెప్పనక్కర్లేదు. ఇంగ్లాండులో చాలా ఇళ్లకు సరఫరా కంపెనీయే న్యూట్రల్‌ని దారిపొడవునా భూమికి కలుపుతూ తెచ్చి, మీటరుకు ముందే ఎర్తు టెర్మినల్ ఇస్తుంది. అక్కడ కలపడం, ఆ న్యూట్రల్ తెగకుండా చూడడం కంపెనీ బాధ్యత. వినియోగదారుడు తన ఇంట్లో కలపకూడదు. మన దగ్గర కూడా సరఫరాదారు వినియోగదారుడికి ఎర్తు టెర్మినల్ ఇవ్వాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఉంది. అపార్టుమెంట్లలో కేబులుతో పాటు వస్తుంది, పల్లెల్లో రెండు తీగల సర్వీసుకు చాలాచోట్ల రాదు. రానిచోట మన గొయ్యి, మన ఆర్‌సీసీబీ తప్ప దారి లేదు.

ఇప్పుడు మీ ఇంట్లో చేయాల్సిన పని.

గొయ్యి ఇంటి పునాదికి కనీసం 1.5 మీటర్ల దూరంలో, తేమ నిలిచే చోట, బాత్రూము నీళ్లు పోయే పక్కన అయితే మంచిది. 40 మి.మీ. వ్యాసం, 2.5 నుంచి 3 మీటర్ల పొడవున్న జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు, అడుగు భాగంలో 12 మి.మీ. రంధ్రాలు. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. ఉప్పు నిరోధాన్ని తగ్గిస్తుంది కానీ పైపును తినేస్తుంది, కొన్నేళ్లకు పైపు లోపల్లోపలే చివికిపోతుంది. కాస్త ఖర్చు పెట్టగలిగితే ఉప్పు బదులు బెంటోనైట్ మట్టి వాడండి. పైన గరాటు, ఇటుక గూడు, మూత. ఎండాకాలం వారానికి ఒకటి రెండు బిందెలు పోయాలి. రేగడి నేల వేసవిలో నెర్రెలిచ్చి పైపును వదిలేస్తుంది, తెలంగాణలో చాలాచోట్ల మీటరు లోతుకే రాయి తగులుతుంది. అలాంటిచోట ఒకే గొయ్యిని లోతుగా తవ్వడానికి పోరాడటం కన్నా, కనీసం పైపు పొడవుకు రెట్టింపు దూరంలో రెండో గొయ్యి పెట్టి కలపడం తేలిక. కొలిస్తే మే నెలలో కొలవండి. వానాకాలంలో 3 ఓమ్‌లు చూపిన గొయ్యి వేసవిలో 15 చూపవచ్చు.

గొయ్యి నుంచి డీబీ దాకా 8 గేజి జీఐ తీగ కానీ, ఆకుపచ్చ తొడుగున్న 4 చదరపు మి.మీ. రాగి తీగ కానీ సరిపోతుంది. బోల్టు కింద రాగికీ జీఐకీ మధ్య టిన్ పూసిన లగ్గు వేయాలి, లేకపోతే రెండేళ్లలో ఆ జాయింటే తుప్పు పడుతుంది. డీబీ నుంచి లోపలికి గోడలు పగలగొట్టక్కర్లేదు. ముందుగా గీజరు, వాషింగ్ మెషిన్, వంటగది, ఫ్రిజ్, మోటారు పాయింట్లకు 2.5 చదరపు మి.మీ. ఆకుపచ్చ తీగను కేసింగ్ పట్టీలో గోడ మీదుగా తీసుకెళ్లండి. ఏసీకి, పెద్ద గీజరుకి 4 చదరపు మి.మీ. ఫేజు వేసి ఉంటే ఎర్తు కూడా 4 వేయండి. 16 చదరపు మి.మీ. దాకా ఫేజు ఎంతో ఎర్తూ అంతే. ఆ పైన 35 దాకా 16 చాలు, 35 దాటితే ఫేజులో సగం.

నీళ్ల పైపుకో, గ్యాసు పైపుకో కలిపి ఎర్తు అనిపించకండి. మధ్యలో ఎక్కడో ప్లంబరు ఒక ప్లాస్టిక్ ముక్క అతికించి ఉంటే ఆ ఎర్తు అక్కడే ఆగిపోతుంది, దాని ముందున్న కుళాయిలన్నిటికీ ఫేజు వస్తుంది.

ఆర్‌సీసీబీ మెయిన్ దగ్గర 40 ఆంపియర్లు, 30 మిల్లీఆంపియర్లు, రెండు పోళ్లది. ఇన్వర్టర్ ఏసీలు, కొత్త వాషింగ్ మెషిన్లు ఉంటే ఏ-టైప్ అడిగి తీసుకోండి, మామూలు ఏసీ-టైప్‌కి వాటి లీకేజీ ఒక్కోసారి కనపడదు. ఓవర్‌లోడుకి ఇది పడదు, ఎంసీబీలు ఎలాగూ ఉండాలి. దాని మీదున్న టెస్ట్ బటన్ మూడు నెలలకోసారి నొక్కండి, పడకపోతే మార్చాలి. ఎర్తు పని పూర్తి కాకముందు కూడా ఆర్‌సీసీబీ ఉపయోగమే. మనిషికి తగిలాక పడుతుంది, జివ్వుమంటుంది, కానీ చాలావరకు ప్రాణం నిలుస్తుంది. ఎర్తు ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది.

పని అయ్యాక కొలతలు. ప్రతి మూడు పిన్నుల పాయింటులో మల్టీమీటరుతో మూడు చూడాలి. పాయింటు ఎదురుగా నిలబడితే పైన ఎర్తు, కుడి ఫేజు, ఎడమ న్యూట్రల్.

ఫేజు-న్యూట్రల్ 230, ఫేజు-ఎర్తు కూడా దాదాపు 230, పెద్ద లోడు లేనప్పుడు న్యూట్రల్-ఎర్తు 0 నుంచి 3 వోల్టులు, ఇది ఆరోగ్యం. న్యూట్రల్-ఎర్తు 5 దాటితే ఎక్కడో న్యూట్రల్ స్క్రూ వదులుగా ఉంది లేదా తీగ సన్నంగా ఉంది. న్యూట్రల్-ఎర్తు 230 చూపిస్తే ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యాయి. ఫేజు-ఎర్తు 100 నుంచి 150 మధ్య నిలకడ లేకుండా ఆడుతుంటే ఎర్తు తీగ ఎక్కడో తెగి ఉంది. డిజిటల్ మీటరు చాలా తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి, పక్క తీగల ప్రభావానికే ఆ అంకె వస్తుంది. న్యూట్రల్-ఎర్తు 0.0 చూపిస్తూ, అదే పాయింటులో 2 కిలోవాట్ల లోడు పెట్టినా కదలకపోతే సంబరపడకండి. దగ్గర్లోనే ఎవరో రెండింటినీ కలిపారని దాని అర్థం. ముక్క వేసిన పాయింటు దొరికేది ఇలాగే.

మీటరు 230 చూపినా ఎర్తు బరువు మోయగలదా అన్నది తేలాలంటే, ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టి చూస్తారు. ఆర్‌సీసీబీ ఉంటే వెంటనే పడాలి, అందుకని ఈ పరీక్షను ఆర్‌సీసీబీకి ముందున్న సరఫరా నుంచి ఎలక్ట్రీషియన్ మాత్రమే చేయాలి. బల్బు 0.43 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ 230 నుంచి 228కి తగ్గితే ఎర్తు దారి 5 ఓమ్‌ల దరిదాపుల్లో ఉన్నట్టు, 200కి పడిపోతే 75 పైమాటే. ఈ పరీక్షకు ముందు ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులన్నీ తీసేయాలి. ఎర్తు తెగి ఉంటే, బల్బు గుండా వచ్చిన ఫేజు ఆ తీగ పట్టుకుని ఇంట్లోని ప్రతి బాడీకీ చేరుతుంది.

ముందుముందు త్రీ ఫేజు సర్వీసు తీసుకునే ఆలోచన ఉంటే ఒక్క మాట. అందులో న్యూట్రల్ తెగితే ఇల్లు చీకటవదు, సామాను కాలిపోతుంది. ఒక ఫేజులో 2,000 వాట్ల గీజరు, రెండో ఫేజులో 100 వాట్ల సామానే ఆన్‌లో ఉన్నాయనుకోండి. న్యూట్రల్ పోగానే అవి రెండూ 400 వోల్టుల మధ్య సిరీస్‌లో పడతాయి. గీజరు నిరోధం 26 ఓమ్‌లు, చిన్న లోడుది 529. దాదాపు 380 వోల్టులు చిన్న లోడు మీదే పడతాయి. గీజరుకి ఏమీ కాదు, టీవీ పోతుంది. లైట్లు కొన్ని గదుల్లో మిరుమిట్లు గొలుపుతూ, కొన్నిట్లో మసకబారితే మారు ఆలోచించకుండా మెయిన్ దించండి.

ఇక బావగారి మిల్లు. ముందు తేల్చుకోవాల్సింది ఆ ట్రాన్స్‌ఫార్మరు ఎవరిదన్నది. హెచ్‌టీ (11 కేవీ లాంటి హై టెన్షన్) సర్వీసు తీసుకుని సొంత ట్రాన్స్‌ఫార్మరు ఉంటే, న్యూట్రల్‌ని ఎర్తు చేయడం ఆయన బాధ్యతే. న్యూట్రల్‌కి వేర్వేరుగా రెండు గోతులు, ట్రాన్స్‌ఫార్మరు బాడీకి రెండు. న్యూట్రల్, ఎర్తు కలిసేది ఒక్కసారి, ఒక్కచోట, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర లేదా మొదటి ఎల్‌టీ (లో టెన్షన్) ప్యానెల్లో. ఆ తర్వాత ఏ ప్యానెల్లోనూ కలవకూడదు. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే ఎల్‌టీ సర్వీసైతే, మామూలు పిండిమిల్లులు అంతే కదా, ఆ పట్టీ ఉండకూడదు. మీ ప్లగ్ పాయింటులోని ముక్కకి అది పెద్దన్న.

రెండోచోట కలిపితే న్యూట్రల్ కరెంటు రెండుగా చీలి, ఎర్తు పట్టీలు, కేబుల్ ఆర్మరు (కేబులు మీది ఇనుప తొడుగు), షెడ్డు ఇనుము వెంట తిరుగుతుంది. కాటా అంకెలు ఆడతాయి, మోటారు వేగం మార్చే డ్రైవులు కారణం లేకుండా ట్రిప్పవుతాయి, ఆర్మరు గ్లాండ్ల దగ్గర వేడెక్కుతుంది, ఎర్తు ఫాల్ట్ రిలే తప్పు లెక్క చెబుతుంది. పట్టుకోవడం తేలిక. ప్యానెల్ నుంచి గొయ్యికి వెళ్లే పట్టీకి క్లాంప్ మీటరు వేయండి. కొన్ని వందల మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే. 5, 10 ఆంపియర్లు పారుతుంటే ఎక్కడో రెండో కలయిక ఉంది. వెల్డింగు మిషను రిటర్న్ క్లాంపును పనిముక్కకు కాకుండా షెడ్డు స్తంభానికి పెట్టినా ఇదే జరుగుతుంది. వందల ఆంపియర్లు మోటారు ఎర్తు తీగల్లోంచి పోయి వాటిని కాల్చేస్తాయి. తీగ కాలిన సంగతి ఎవరికీ తెలియదు, మోటారు మాత్రం ఎర్తు లేకుండా తిరుగుతూ ఉంటుంది.

మిల్లు మోటారు త్రీ ఫేజుది కాబట్టి దానికి న్యూట్రల్ అవసరమే లేదు. మోటారులో మూడు చుట్టలూ కలిసే స్టార్ పాయింటుని న్యూట్రల్‌కి కలపకూడదు. బాడీకి మాత్రం వేర్వేరు రెండు ఎర్తు కనెక్షన్లు ఉండాలని నిబంధన. పైన ఇంటికి వేసిన 38 ఆంపియర్ల లెక్కే ఇక్కడా వర్తిస్తుంది, 10 హార్స్‌పవర్ మోటారు ఫ్యూజు ఆ కరెంటుకు తొందరగా కాలదు. అందుకని ఇన్‌కమర్ (ప్యానెల్లోకి సరఫరా వచ్చే మెయిన్ స్విచ్చు) దగ్గర 100 మిల్లీఆంపియర్ల నాలుగు పోళ్ల ఆర్‌సీసీబీ, పనివాళ్లు చేత్తో పట్టుకునే డ్రిల్లు, గ్రైండరు పాయింట్లకు విడిగా 30 మిల్లీఆంపియర్లది. డ్రైవు ఉన్న మోటారుకి ఫిల్టరు లీకేజీ ఎక్కువ, దాని లైను ఆ 100 మిల్లీఆంపియర్లదాని వెనక కాకుండా విడిగా తీసి, 300 మిల్లీఆంపియర్ల బీ-టైప్ (డీసీ లీకేజీని కూడా పట్టే రకం) పెట్టాలి.

జనరేటరు ఉంటే చేంజోవరు (లైను నుంచి జనరేటరుకు మార్చే స్విచ్చు) నాలుగు పోళ్లదా, మూడు పోళ్లదా చూడండి. నాలుగు పోళ్లదైతే జనరేటరు మీద నడిచేటప్పుడు డిస్కం న్యూట్రల్ పూర్తిగా విడిపోతుంది, కాబట్టి జనరేటరు న్యూట్రల్‌ని దాని సొంత గోతులకు కలపాలి. కలపకపోతే బాడీకి ఫేజు తగిలినా కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు, ఆర్‌సీసీబీ కూడా పడదు. మూడు పోళ్లదైతే న్యూట్రల్ రెండు వైపులా కలిసే ఉంటుంది. అక్కడ జనరేటరు దగ్గర మళ్లీ ఎర్తు చేస్తే అదే రెండో కలయిక.

ఆ పట్టీని తీసేముందు ఒక జాగ్రత్త. మిల్లుకి వచ్చే న్యూట్రల్ ఇప్పటికే తెగి ఉండి, ఇన్నాళ్లూ ఆ పట్టీ, గొయ్యి గుండానే సింగిల్ ఫేజు లోడు నడుస్తూ ఉండవచ్చు. అలా ఉండగా పట్టీ తీస్తే ఆఫీసు గదిలో కంప్యూటరు మీదికి 400 వోల్టుల దాకా రావచ్చు. ముందు పట్టీకీ, వచ్చే న్యూట్రల్‌కీ విడివిడిగా క్లాంప్ మీటరు వేసి చూడండి. న్యూట్రల్‌లో సున్నా, పట్టీలో ఆంపియర్లు కనిపిస్తే మొదట లైన్‌మ్యాన్‌ని పిలిచి న్యూట్రల్ సరిచేయించాలి, ఆ తర్వాతే మెయిన్ దించి పట్టీ విప్పాలి. మీ ఇంట్లో ముక్కలు తీసేటప్పుడూ మెయిన్ దించే తీయించండి. తీశాక గీజరు పాయింటులో పైన చెప్పిన మూడు కొలతలు, గీజరు కట్టేసి ఒకసారి, వేసి ఒకసారి తీసుకుని ఇక్కడ రాయండి. తేడా ఇంటి లోపలుందా, స్తంభం దగ్గరుందా అన్నది ఆ అంకెల్లోనే తెలిసిపోతుంది.